నీరు తాగే కొయ్య

ఏటా ఏప్రిల్ 15న తూర్పు తీరమంతా సముద్రంలో చేపల వేట ఆగిపోతుంది. జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, ఇంజిన్ ఉన్న పడవేదీ వేటకు కదలకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం ఇది. ఒకప్పుడు ఇంతకన్నా తక్కువ రోజులే ఉండేది, 2015 నుంచి పెంచారు. ఆ రెండు నెలలూ వార్తల్లో ఖాళీగా కూర్చున్న మత్స్యకారులు కనిపిస్తారు, వాళ్లకందాల్సిన భృతి గురించి వినిపిస్తుంది. కెమెరాలు పెద్దగా పట్టించుకోని పని ఒకటి అప్పుడే మొదలవుతుంది. కాకినాడ ఉప్పుటేరు వెంబడి, కుంభాభిషేకం రేవులో, ఏటిమొగలో సుత్తుల చప్పుడు లేస్తుంది. ఏడాదంతా ఉప్పునీటిలో నానిన కొయ్య పడవలు ఒడ్డెక్కి, వడ్రంగి చేతికి వస్తాయి.

ఇనుప పడవకు తుప్పు గీకి రంగు వేస్తే చాలావరకు పని అయినట్టే. ఫైబర్ పడవకు అదీ అక్కర్లేదు. కొయ్య పడవ సంగతి వేరు. అది ప్రతి ఏడూ కొంత పాతబడుతుంది, కొంత కొత్తదవుతుంది. ఒక ఏడాది అడుగు పలకలు రెండు మారతాయి, మరో ఏడాది లోపలి వంపు కొయ్య ఒకటి మారుతుంది. పాతికేళ్లు తిరిగిన పడవలో మొదటినాటి కర్ర ఎంత మిగిలిందో యజమానికే తెలియదు. అయినా అదే పేరు, అదే పడవ.

మండపేట లాంటి రైసు మిల్లుల ఊరికి ఈ గొడవతో ఏం పని అనిపించవచ్చు. కానీ డెల్టాలో ఏ ఊరి చరిత్ర తిరగేసినా ఎక్కడో ఒకచోట పడవ తగులుతుంది. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆనకట్ట కట్టించినప్పుడు కాలువలు పొలాలకు నీరు పారించడానికి మాత్రమే తవ్వలేదు. వాటిని నీటి రోడ్లుగా కూడా తలచాడాయన. అందుకే దిగువ కాలువలకు లాకులు పెట్టారు, గట్ల మీద తాడు పట్టి పడవ లాగే మనుషులకు దారి వదిలారు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు, పెళ్లివారు, కోర్టు వాయిదాలకు వెళ్లేవాళ్లు అందరూ ఆ కాలువల మీదే తిరిగారు. బస్సులూ లారీలూ వచ్చాక పడవలు పోయాయి, లాకులు మిగిలాయి. మండపేట నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా యానాం దాటి కాకినాడ వైపు సాగితే తాళ్లరేవు, ఆ పక్కనే కోరంగి వస్తాయి. కొయ్యతో నీటి వాహనాలు కట్టే విద్యకు ఈ డెల్టాలో అసలు చిరునామా ఆ చుట్టుపక్కలే.

పద్దెనిమిదో శతాబ్దం చివరికి కోరంగి బంగాళాఖాతం ఒడ్డున పేరున్న రేవు. అక్కడ ఓడలు కట్టేవారు. అంతకన్నా ఎక్కువగా దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. 1802లో ఎబెనేజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు అక్కడ పెద్ద మరమ్మతు డాక్ కట్టించాడు. తాళ్లరేవు నుంచి తెరచాప ఓడలు బర్మాకు సరుకు మోశాయి. కూలి కోసం రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లందరినీ, వాళ్లది ఏ ఊరైనా సరే, అక్కడివాళ్లు కోరంగీలనే పిలిచారంటే ఆ రేవు పేరు ఎంత దూరం పాకిందో ఊహించుకోవచ్చు. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి తుపాను ఉప్పెనలు కోరంగిని తుడిచిపెట్టాయి. మిగిలినదాన్ని గోదావరి మేట పూడ్చేసింది. వ్యాపారం కాకినాడకు జరిగిపోయింది. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు, చెక్క వంతెన, 1978లో ఏర్పడ్డ అభయారణ్యం గుర్తొస్తాయి. డాక్ గుర్తుకు రాదు.

ఆ రేవు కథను ఇంగ్లీషులో చదవాలంటే మద్రాసు ప్రభుత్వం కోసం ఎఫ్. ఆర్. హెమింగ్వే రాసిన గోదావరి జిల్లా గెజిటీర్ ఉంది. ఈయనకూ నవలా రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వేకూ సంబంధం లేదు. కానీ పడవల మాట వస్తే ఆ రెండో హెమింగ్వేను తలవకుండా ఉండలేం. సరదా వేట కోసం కట్టిన కొయ్య పడవల్లో ప్రపంచంలోకెల్లా పేరున్నది ఆయనదే.

దాని పేరు పిలార్. 1934లో న్యూయార్క్ నగరం బ్రూక్లిన్‌లోని వీలర్ కంపెనీ కట్టింది. పొడవు 38 అడుగులు. రెండు ఇంజిన్లు: దూరం పోవడానికి ఒకటి, గాలం లాగుతూ నెమ్మదిగా తిరగడానికి చిన్నది ఇంకొకటి. పెద్ద చేపను లోపలికి దొర్లించడానికి పడవ వెనక అంచున అడ్డంగా ఒక చెక్క రోలరు పెట్టించుకున్నాడాయన. క్యూబా చుట్టుపక్కల సముద్రంలో మార్లిన్ చేపల వెంట ఆ పడవలోనే తిరిగాడు. 1952లో అచ్చయిన ఆయన నవల ‘ది ఓల్డ్ మ్యాన్ అండ్ ది సీ’ వెనక ఉన్న సముద్రానుభవం చాలావరకు దాని మీద పోగైందే. యుద్ధం తరువాత ఈ పడవల తీరు మారింది. 1947లో ఫ్లోరిడాలో రైబోవిచ్ కుటుంబం కట్టిన మిస్ షెవీ 2తో ఆధునిక వేట పడవకు రూపం వచ్చిందంటారు. నీటిని దూరందాకా చూసేలా పైన సరంగు నిలబడే మేడ, వెనక చేపతో పెనుగులాడేవాడికి బిగించిన కుర్చీ, రెండు పక్కలా గాలం తాళ్లను దూరంగా పట్టి ఉంచే పొడవాటి వాసాలు దాని ఆనవాళ్లు.

పిలార్ ఇప్పుడు హవానా శివార్లలోని హెమింగ్వే ఇంటి ఆవరణలో, ఒకప్పటి టెన్నిస్ కోర్టు స్థలంలో, పందిరి కింద ఉంది. సందర్శకులు చుట్టూ తిరిగి చూస్తారు. మెరుపు బాగుంది. కానీ దాన్ని చూసి పడవ నడక తెలుసుకోలేం. వీలర్ వంశస్థులు ఆ పోలికలోనే ఇంకో పడవను అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో బ్రూక్లిన్ బోట్ యార్డులో కట్టించారు. 2020లో అది నీట దిగింది. పాతదాన్ని పదిలపరచడం మేలా, కొత్తది కట్టి నడపడం మేలా అనే వాదం పడవల ప్రపంచంలో తెగేది కాదు. ఈ విషయంలో కాకినాడ వడ్రంగి పద్ధతే ఎక్కువ తెలివైనదనిపిస్తుంది. ఆయన వాదించడు, ఏటా ఒకటి రెండు పలకలు మార్చి నీళ్లలోకి తోసేస్తాడు.

గోదావరి జిల్లాల్లో సరదా వేటకు పడవ కట్టించుకున్న ఆనవాయితీ లేదు. ఇక్కడ సరదా అంటే కాలువ గట్టున గాలం. వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో మిగిలిన కొరమీనుల కోసం ఊరంతా దిగడం. ఒక్క పులస కాలంలో మాత్రం వేటకు పందెపు జ్వరం పట్టుకుంటుంది. సముద్రంలో విలసగా ఉండే చేప జూలై నుంచి సెప్టెంబరు మధ్య ఎర్రనీటికి ఎదురెక్కుతుంది. ధవళేశ్వరం దగ్గర బ్యారేజీ అడ్డం పడుతుంది కాబట్టి యానాం నుంచి ధవళేశ్వరం దాకా ఉన్న పాయల్లోనే దాని ఆట కట్టాలి. చిన్న నాటు పడవలో ఇద్దరు, వరద ఉరవడిలో ఒక వల. ఆ పడవ ఎంత పాతదైనా దానికి చుక్కాని మాట వినే గుణం ఉండాలి. ఆ నీటిలో బరువైన కొయ్య పడవ తేలిక ఫైబర్ పడవ కన్నా నిలకడగా నిలుస్తుందని చెప్పే జాలర్లు ఇప్పటికీ ఉన్నారు. బరువు వల్ల నిజంగానే ఆ నిలకడ వస్తుంది. ఒడ్డుకు లాగేటప్పుడు మాత్రం అదే బరువు నడుము విరుస్తుంది.

తీరం వెంట కొయ్య పడవలన్నీ ఒక్క రకం కావు. ఉత్తర కోస్తా కెరటాల మీద నడిచే మసూలా పడవకు మేకులే ఉండవు. పలకలకు బెజ్జాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. కెరటం ఇసుక మీద విసిరినప్పుడు మేకు కొట్టిన పడవ పగులుతుంది, కుట్టిన పడవ వంగుతుంది. కోరంగి, కాకినాడ ప్రాంతంలో కెరటాల దెబ్బ తక్కువ, ఉప్పుటేళ్లు ఎక్కువ. అందుకే ఇక్కడ మేకులతో బిగించిన నావలు పుట్టాయి. ముందు భాగం కప్పి ఉండి బూటును తలపించే చిన్న దోనెలు కూడా ఈ ప్రాంతపువే.

1950ల్లో ఈ పాత విద్య మీదికి కొత్త గీతలు వచ్చాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పంపిన పాల్ జీనర్, పీటర్ గర్ట్నర్ లాంటి నిపుణులు దేశమంతా తిరిగి నాటు పడవలను కొలిచి, ఇంజిన్ పెట్టడానికి వీలైన నమూనాలు గీశారు. అలా మొదలైన వరసలో పాబ్లో, రొయ్య, సొర్ర, సోనా అనే పేర్లతో ఆంధ్ర తీరంలో మరపడవలు వచ్చాయి. పేరు మారిన కొద్దీ పొడవు పెరిగింది. సోనా సుమారు 13 మీటర్లు. రాత్రికి ఇంటికి రావాల్సిన వేట రోజుల తరబడి సాగే వేట అయింది. గీతలు పైనుంచి వచ్చినా వాటిని కర్రలో నిలబెట్టింది మాత్రం కాగితం చూడకుండా కంటి కొలతతో కట్టడం తెలిసిన ఇక్కడి వడ్రంగులే.

పడవ కర్రలో పెద్దపీట టేకుది. దానిలో సహజంగా ఉండే నూనె నీటినీ పురుగునూ కొంతకాలం ఆపుతుంది. పలకలకు టేకు, లోపలి వంపు కొయ్యలకు నల్లతుమ్మ. తుమ్మ చెట్టు ఎప్పుడూ నిటారుగా పెరగదు. ఆ వంకరే దాని విలువ. సూటి దుంగను వంపుగా కోస్తే కర్రలోని పోగు మధ్యలో తెగుతుంది, బరువు పడినప్పుడు అక్కడే చీలుతుంది. వంకరగా పెరిగిన కొమ్మలో పోగు వంపు వెంటే నడుస్తుంది. అందుకే పాత వడ్రంగులు చెట్టు నిలబడి ఉండగానే అందులో పడవ ముక్క కోసం వెతికేవారు. ఒకప్పుడు ఏజెన్సీ అడవుల కర్ర తెప్పలుగా కట్టి గోదావరి మీదే రాజమండ్రికి దిగేది. ఇప్పుడు అటవీ అనుమతులు, డిపో వేలంపాటలు, టేకు ధరలు కలిసి కొత్త కొయ్య పడవ మాటెత్తనివ్వడం లేదు. పాత మండువా ఇళ్లు కూల్చినప్పుడు దొరికే బాగా ఆరిన టేకు దూలాలు మరమ్మతుకు చక్కగా పనికొస్తాయి. అవి కోనసీమ నుంచి తలుపులుగా, సోఫాలుగా మారి హైదరాబాదు వెళ్లిపోతున్నాయి.

మరమ్మతు మొదలయ్యేది చెవితో. సుత్తితో పలక మీద తట్టుకుంటూ పోతే గట్టి కర్ర ఖంగుమంటుంది, కుళ్లింది డొల్లగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట సన్నటి ఇనుప మొన గుచ్చి చూస్తారు. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి: కొయ్య పడవను కుళ్లబెట్టేది సముద్రపు నీరు కాదు, వాన నీరు. కర్రను తినే బూజుకు ఉప్పు పడదు. పైకప్పు సందుల్లోంచి దిగి మూలల్లో నిలిచిన మంచినీరే దానికి ఊపిరి. కాబట్టి పాత పడవలో ముందు చూడాల్సింది అడుగు కాదు, పైకప్పు పక్క గోడలను కలిసే చోటు.

అడుగున పొంచి ఉన్న శత్రువు వేరు. పడవ పురుగని పిలిచే ఆ ప్రాణి నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల జాతిది. సూదిమొనంత పిల్లగా పలకలోకి దూరి, తల మీది రెండు చిప్పలతో తొలుస్తూ లోపలే పెరుగుతుంది. బయటికి చిన్న బెజ్జం తప్ప ఏమీ కనిపించదు. లోపల పలకంతా సొరంగాలు. కొలంబస్ చివరి ప్రయాణంలో ఓడలు ఈ ప్రాణి దెబ్బకు జల్లెడై, 1503లో జమైకా ఒడ్డున వాటిని వదిలేయాల్సి వచ్చింది. థేమ్స్ నది కింద సొరంగం తవ్విన మార్క్ బ్రూనెల్ ఆ యంత్రపు ఆలోచనను దీన్ని చూసే పట్టుకున్నాడని చెబుతారు.

దీనికి గోదావరి దగ్గర ఒక మందు ఉంది. ఈ ప్రాణికి ఉప్పు కావాలి, మంచినీటిలో బతకలేదు. వరద వచ్చినప్పుడు పాయల్లో ఉప్పు దాదాపు లేకుండా పోతుంది. ఆ రోజుల్లో పడవను నదిలోపలికి తెచ్చి కొన్ని వారాలు కట్టి ఉంచితే అడుగు శుభ్రపడుతుంది. నది ఒడ్డు రేవులకు మరమ్మతు వ్యాపారం రావడంలో ఈ సదుపాయం పాత్ర కూడా ఉండి ఉండాలి. వరద లేని కాలంలో మరో పద్ధతి: ఒడ్డుకు లాగి ఒక పక్కకు వాల్చి, అడుగున ఎండు కొబ్బరి మట్టలో గడ్డో వెలిగించి సెగ చూపించడం. పైన పట్టిన నత్తగుల్లలు రాలిపోతాయి, పైపైన ఉన్న పురుగు చస్తుంది. సెగ ఎంతసేపు అన్నదే విద్య.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు నౌకాదళం ఓడల అడుగుకు రాగి రేకు తొడిగింది. 1761లో అలారమ్ అనే యుద్ధనౌకతో మొదలుపెట్టారు. పురుగు ఆగింది కానీ ఇంకో చిక్కు వచ్చింది. ఉప్పునీటిలో రాగి, ఇనుము పక్కపక్కన ఉంటే ఇనుము కరిగిపోతుంది. రేకు కొట్టిన ఇనుప మేకులు పిండిగా రాలాయి. ఇది పాత కథే అయినా పాత పడవ కొనేవాళ్లందరికీ పనికొచ్చేదే. ఎవరో ఇత్తడి మరలు, ఇంకెవరో ఇనుప మేకులు, మూడోవాడు స్టీలు బోల్టులు కొట్టిన పడవలో ఆ లోహాలు ఒకదాన్నొకటి తింటూ ఉంటాయి. మన దేశంలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 1957 నుంచి ఈ సమస్యల మీద పని చేస్తోంది. కర్రకు రసాయనాలు పట్టించడం, అల్యూమినియం మిశ్రమ రేకు తొడగడం దాని ప్రయోగాల్లో ఉన్నాయి. ఆ సంస్థకు ఒకప్పుడు కాకినాడలోనూ పరిశోధన కేంద్రం ఉండేది.

చెడిన పలక తీశాక కొత్తదాన్ని అతికించే పద్ధతిలో పనివాడి చేయి తెలుస్తుంది. రెండు ముక్కలను మొండిగా ఎదురెదురు పెట్టి అతికితే ఆ కీలు నిలవదు. రెంటినీ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టాలి. ఆ వాలు పొడవు పలక మందానికి కనీసం ఎనిమిది రెట్లు ఉండాలంటారు. అంగుళం పలకైతే ఎనిమిది అంగుళాలు. తొందరపడే చోట ఇది నాలుగంగుళాలకు తగ్గుతుంది, రంగు వేశాక ఎవరికీ కనబడదు, తొలి తుపానులో బయటపడుతుంది.

తరువాత సందులు. పలకకూ పలకకూ మధ్య నూలు పోగులు, నార మెలిపెట్టి మొద్దు ఉలితో కూరతారు. పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద మెత్తుతారు. ఈ పని చూడటానికి మొరటుగా ఉంటుంది, చేతికి మాత్రం చాలా సున్నితం. తక్కువ కూరితే నీళ్లు వస్తాయి. ఎక్కువ కూరితే ఇంకా ప్రమాదం. ఎందుకంటే పడవ నీట దిగాక పలకలు నీరు తాగి ఉబ్బుతాయి. సందులో చోటు లేకపోతే ఆ ఉబ్బు పలకలను వంపు కొయ్యల నుంచి ఊడదన్నుతుంది. కూరేవాడు ఇప్పుడు కనిపిస్తున్న సందుకు కాదు, వారం తరువాతి సందుకు కొలత వేసుకోవాలి.

కొయ్య పడవను ఎండలో నెలల తరబడి వదిలేయడం కన్నా పాపం లేదు. మండపేట మే నెల ఎండకు పలక ఎండి మెలితిరిగితే సందులు వేలు దూరేంత తెరుచుకుంటాయి, కూరిన నార ఊడిపడుతుంది. అందుకే ఒడ్డెక్కిన పడవ మీద తాటాకు పందిరి వేస్తారు, గోనె సంచులు తడిపి కప్పుతారు, లోపల కాస్త ఉప్పునీరు పోసి ఉంచుతారు. పిలార్‌ను చూసి పడవ నడక తెలుసుకోలేమని అన్నది అందుకే. పందిరి కింద ఉన్న పడవ ఆకారాన్ని కాపాడుకోగలదు, బిగువును కాదు.

చాలామంది ఇప్పుడు ఎంచుకుంటున్న దగ్గరదారి పాత కొయ్య మీద ఫైబర్ పొర తొడగడం. మొదటి రెండేళ్లు అద్భుతంగా ఉంటుంది. చుక్క నీరు రాదు. కానీ కర్ర నీటితో పాటు ఉబ్బుతుంది, తగ్గుతుంది, ఫైబర్ కదలదు. ఎక్కడో ఒక వెంట్రుకవాసి పగులులోంచి తడి చేరి, బయటికి పోయే దారి లేక లోపలే నిలుస్తుంది. పై పొర మెరుస్తూనే ఉంటుంది, దాని వెనక కర్ర పొట్టు అవుతుంది. బాగా ఆరిన కొత్త కర్ర మీద, శ్రద్ధగా, రెండు వైపులా చేస్తే ఈ పద్ధతికి పేరు పెట్టనక్కర్లేదు. ముసలి పడవకు తొడిగితే మాత్రం అది మరమ్మతు కాదు, ముసుగు.

అసలు ఫైబర్ పడవలే కొయ్యను తీరం నుంచి తరిమాయి. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సాయంగా పంచిన పడవల్లో అవే ఎక్కువ. తేలిక, పురుగు బాధ లేదు, నలుగురు లాగితే ఒడ్డెక్కుతాయి. రోజూ వేటకు వెళ్లి కుటుంబం గడుపుకునే మత్స్యకారుడిని కొయ్యనే పట్టుకు వేలాడమని చెప్పే హక్కు ఎవరికీ లేదు. కొయ్యకు దారి ఉంటే అది ఇంకోవైపు: కోరంగి ఉప్పుటేళ్లలో విహారం, హోప్ ఐలాండ్ ప్రయాణం, లంకల మధ్య తీరిగ్గా గాలం వేసుకునే సాయంత్రాలు. కేరళలో బియ్యం మోసిన కెట్టువళ్లాలు ఇళ్ల పడవలై బతికాయి. ఇక్కడ కాలువ పడవలకు ఆ అదృష్టం పట్టలేదు.

అలాంటి ఆలోచన ఉన్నవాళ్లకు కాగితాల పని కూడా ఉంది. లోతట్టు నీళ్ల మీద ఇంజిన్‌తో నడిచే పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చింది. తనిఖీ, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగిన తరువాత గోదావరి మీద అధికారుల కన్ను పదునైంది, పదునుగా ఉండాలి కూడా. కోరంగి అభయారణ్యం పరిధిలో వేటకు, తిరగడానికి అటవీ శాఖ నియమాలు వేరే ఉన్నాయి.

కొనే ముందు పడవ నీళ్లలో ఉండగా ఒకసారి, ఒడ్డెక్కించి ఒకసారి చూడాలి. నీళ్లలో ఉన్నప్పుడు అడుగున చేరే నీరు గంటకు ఎంతో గమనించాలి. ఒడ్డున తట్టి, గుచ్చి చూడాలి. ఇంజిన్ కింది దూలాలు నూనెతో నల్లబడి ఉంటే దిగులు లేదు, వాటి బోల్టుల చుట్టూ కర్ర మెత్తబడితే ధర తగ్గించమని అడగవచ్చు. మరమ్మతు పూర్తయి నీట దింపిన రోజు పడవ కారుతుంది, అది మామూలే. రెండు మూడు రోజులు పంపు దగ్గర మనిషిని కూర్చోబెట్టాలి. పలక తాగాల్సిన నీరు తాగాక ధార తగ్గుతుంది. నాలుగో రోజుకీ తగ్గకపోతే మళ్లీ ఒడ్డెక్కించి సందులు వెతకాల్సిందే. ఆ పనికి వడ్రంగి తీరిక ఉండేది జూన్ 14 లోపే కాబట్టి పడవను మే నెలాఖరుకు నీటిలోకి దించి చూసుకునేవాళ్లు తెలివైనవాళ్లు.